బందీ మాట

ఈ లంకల్లో నది ముంచని కొంప లేదు. ఆగ్నేయపు గాలి పట్టుబట్టి వీచిందంటే సముద్రం నదిని వెనక్కి తోస్తుంది. నది మా మెట్లెక్కి, గడప దాటి, పొయ్యి దగ్గర చలి కాచుకుంటుంది. గాలి తగ్గాక దిగిపోతుంది. మేం బురద కడుక్కుని మళ్ళీ పొయ్యి రాజేసుకుంటాం. నా కొంప ముంచింది మాత్రం గాలి కాదు, నది కాదు. హవల్దారు లిసాండ్రో పెరాల్తా. ఆ ముంపు ఇంకా దిగలేదు.

అతను తీరరక్షక దళం మనిషి. లాంచీల లైసెన్సులు చూసేవాళ్ళు, దొంగకలప పట్టుకునేవాళ్ళు ఆ దళంలో వేరే ఉన్నారు, వాళ్ళతో మాకు ఎప్పుడూ ఉండే గొడవే. ఇతని జట్టు వేరు. ఉగ్రవాదులు ఓడనెక్కి జనాన్ని బందీలుగా పట్టుకుంటే, ఆ ఓడ మీదికి పాకి బందీల్ని విడిపించుకొచ్చే జట్టు. నల్ల రబ్బరు తొడుగులు, మసి పూసిన మొహాలు. నీళ్ళలోంచి వచ్చేటప్పుడు చుక్క రాలిన చప్పుడు కూడా ఉండదు. మావాళ్ళు వాళ్ళని నీటికుక్కలు అనేవాళ్ళు. వాళ్ళకి సాధన చేయించేవాడు ఈ లిసాండ్రో. ఎత్తరి, మెత్తగా మాట్లాడతాడు. తిట్టే మనిషైతే బాగుండేది, తిరిగి తిట్టి మర్చిపోయేవాణ్ణి.

ఆ చలికాలం మొదట్లో, పోప్లార్ చెట్లు ఆకంతా రాల్చేసిన వారం, మా ఆవిడ కొడవలి నూరుతూ ఒక మాట అంది.

“ఈసారి చువ్వ కోత అయ్యాక నేను అక్క దగ్గరికి పోతా.”

“ఎన్నాళ్ళకొస్తావ్?”

“పోతానన్నాను. వస్తానన్లేదు.”

మాది బుట్టలల్లే మీంబ్రే చువ్వ వ్యవసాయం. మోకాలి లోతు బురదలో నిలబడి చలికాలమంతా కోయాలి. నడుం పట్టేసినప్పుడు మనిషి ఏదో ఒకటి అంటుంది, నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ మాట పొయ్యిలో పచ్చికట్టెలాగా పొగ పెడుతూనే ఉంది. ఎందుకంటే నదివైపు నేల ఆవిడది. వాళ్ళ నాన్న, ముసలి కోవాచ్, కూతురికి రాసిచ్చి పోయాడు. నా నేల దాని వెనక ఉంది. నా చువ్వ కట్టలు పడవెక్కాలంటే ఆవిడ కాలువలోంచి, ఆవిడ రేవు మీదుగా పోవాల్సిందే. ఆవిడ ఉంటే రెండూ ఒకటే నేల. పోతే నా నేలకి నోరు లేదు.

సరిగ్గా అప్పుడే లిసాండ్రో రేవులో దిగాడు.

“దోన్ ఫెర్మిన్ అంటే మీరేనా అయ్యా? మీ కాలువ మొగలో పాత లాంచీ ఒకటి కట్టుకుంటాం. ఈ ఏడాది చివర రాజధానికి పెద్ద పెద్దవాళ్ళు వస్తున్నారు, ఓడ మీద విందట. మా కుర్రాళ్ళకి సాధన కావాలి. ఈ పొగమంచు ఇంకెక్కడా దొరకదు.”

“పొగమంచుకి అద్దె ఎంతిస్తారు?”

నవ్వాడు. “దానికి కాదు గానీ మనుషులకిస్తాం. హైజాకర్లు ఇద్దరు కావాలి. బందీలు నలుగురైదుగురు. తుపాకి పట్టుకోవడం వచ్చా?”

“బాతుల్ని కొట్టడం వచ్చు.”

“మేం బాతులకంటే పెద్దగా ఉంటాం లెండి, కష్టం కాదు.” తర్వాత నా భుజం మీంచి మా ఆవిడ వైపు చూసి, తల కొంచెం వంచాడు. “అమ్మగారు కూడా రావచ్చు. బందీలుగా ఆడవాళ్ళుంటేనే మావాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు.”

నాకు ఉపాయం తట్టింది. పొద్దున్నే నలుగురిలో పడి, కాస్త నవ్వి, చేతిలో కాసిని పేసోలు ఆడితే అక్క ఊసు మర్చిపోతుంది. మా ఆవిడ “నాకెందుకు ఆ వేషాలు” అంది. “పోదాం పదవే” అన్నాను. చెయ్యి పట్టుకుని లాంచీ ఎక్కించింది కూడా నేనే. ఆ లాంచీ పేరు రోసలీనా. బడిపిల్లల్ని మోసి మోసి అరిగిపోయిన ప్రయాణికుల లాంచీ. దాని బల్లల మీద ఇప్పటికీ పిల్లలు గీకిన పేర్లున్నాయి.

మొదటిరోజు తెల్లవారుజామున పొగమంచు ఎంత చిక్కగా పట్టిందంటే, నదికి అవతలి ఒడ్డు ఉందన్నది నమ్మకమే తప్ప కనబడే సంగతి కాదు. నా చేతిలో చెక్కతుపాకి. రెండో హైజాకరు నికాసియో, మా చిన్నాన్న కొడుకు. ఆడవాళ్ళు బల్లల మీద శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. ఎగువ నుంచి గుర్రపుడెక్క తెట్టెలు తేలుతూ వస్తున్నాయి, ఒకదాని మీద కొంగ నిలబడి ప్రయాణం చేస్తోంది. ఏ చప్పుడూ లేదు. నిద్రలో ఉన్నవాడు నిద్రపోతున్నానని తెలుసుకున్నట్టుగా ఉంది. వచ్చే తెట్టెల్లో ఒకటి ఆగింది. నీటి మీద తెట్టె ఆగదు కదా అనుకునేలోపు, దాని కిందనుంచి మనుషులు లేచి రెయిలింగు దాటేశారు. నా గుండె మీద ఎర్రరంగు గుండు పగిలింది.

“చచ్చావన్నా!” అని అరిచాడు నికాసియో. ఆ వెంటనే వాడూ చచ్చాడు.

వాళ్ళ పద్ధతి ఒకటి మాకు విడ్డూరంగా తోచింది. హైజాకర్లతో పాటు బందీలకీ చేతులు కట్టేస్తారు. ముసలామె అయినా సరే, గర్భిణి అయినా సరే. ఎందుకంటే హైజాకరు తుపాకి పారేసి బందీల్లో కలిసిపోవచ్చు. అందరినీ వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందు ఒకడు మోకాలి మీద కూర్చుని పూర్తి పేరు అడుగుతాడు. తర్వాత పక్కనున్న మనిషి తెలుసా అని అడుగుతాడు. తెలుసంటే ఎవరో చెప్పాలి. తెలియదంటే ఆ మనిషి బోర్లా పడుకోవాల్సిందే.

“మీ పూర్తి పేరు చెప్పండమ్మా.”

మా ఆవిడ తడబడింది. చచ్చి పడున్న నేను ఒక కన్ను తెరిచి చూశాను.

“దెల్మీరా” అంది. గొంతు సవరించుకుంది. “దెల్మీరా ఇనెస్ కోవాచ్.”

నా ఇంటిపేరు చెప్పలేదు. కంగారులో మర్చిపోయిందనుకున్నాను.

“దెల్మీరా ఇనెస్ కోవాచ్ గారూ, మీకు విడుదల. లేవండి, జాగ్రత్త, ఇక్కడ జారుతుంది.” చేతికట్టు కోసి, మోచెయ్యి కింద చెయ్యి వేసి, గాజుసామానులాగా ఆవిణ్ణి రబ్బరు పడవలోకి దించారు. పడవ పొగమంచులో కలిసిపోయింది. అక్కడెక్కడో దళం లాంచీ మీద దుప్పటి కప్పి కాఫీ ఇస్తారట. కాసేపటికి తెచ్చి మా రేవులో దింపారు.

ఇంటికొచ్చాక నవ్వుతూనే ఉంది. పిండి కలుపుతూ నవ్వింది, రొట్టె వేయిస్తూ నవ్వింది.

“ఏంటే ఆ నవ్వు?”

“ఏం లేదయ్యా. నన్ను ‘గారూ’ అన్నాడు.”

అలా ఆ చలికాలం గడిచింది. తెల్లారితే పొగమంచు, లాంచీ, చావు. మిగతా పగలంతా చువ్వ కోత. ఏది కలో ఏది పనో కొన్నాళ్ళకి తేడా తెలియకుండా పోయింది. పొలంలో వంగి కోస్తుంటే, వెనక ఎవరో నీళ్ళలోంచి లేస్తున్నట్టుండేది. లాంచీ మీద తుపాకి పట్టుకుంటే, చేతిలో కొడవలి ఉన్నట్టుండేది. నికాసియో మాత్రం చావడంలో ఆరితేరాడు. ఒకరోజు గుండె పట్టుకుని అమ్మని తలుచుకుంటూ చచ్చాడు. ఇంకోరోజు మెట్ల మీంచి దొర్లి, ఆడవాళ్ళ కాళ్ళ దగ్గర పడి, కళ్ళు మూసి, “వదినా, నా కుక్కకి అన్నం పెట్టు” అన్నాడు. బందీలు చప్పట్లు కొట్టారు. లిసాండ్రో కూడా నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు.

మా ఆవిడ ఇప్పుడు నాకంటే ముందే లేచేది. దువ్వుకునేది. ఊలు శాలువాకి వాళ్ళమ్మ పిన్ను పెట్టుకునేది. బురదలో కోతకి దిగినప్పుడు కూనిరాగం తీసేది. నా మందు పనిచేస్తోందనుకున్నాను. అయినా ఒకరోజు కట్టలు కడుతూ అడిగాను, అడక్కుండా ఉండలేకపోయాను.

“నిన్ను దింపేవాడు ఎవడే? ఆ లిసాండ్రోయేనా?”

“ఏమో. అందరి మొహాలకీ మసే. రోజుకొకడు.”

“పేరు తెలీదా?”

“వాళ్ళ పేరు నాకెందుకు?” కట్టని మోకాలితో అదిమి ముడి బిగించింది. “అడుగుతారు. నేను చెప్తాను. వింటారు. అంతే.”

“నేను వినడం లేదా ఏంటి?”

“నువ్వెప్పుడైనా అడిగావా?”

ఇంట్లో ఉన్నదే ఇద్దరం. ‘ఇదిగో’ అని నేనంటే పలకడానికి ఇంకెవరున్నారు? పేరు పెట్టి పిలవడానికి మాదేమైనా కచేరీయా? ఆ మాటే అన్నాను. ఆవిడ ఇంకో కట్ట అందుకుంది.

కోసిన కట్టల్ని కాలువలో నిలబెడతాం, మొదళ్ళు నీళ్ళలో మునిగేట్టు. వసంతం వచ్చేసరికి అవి చిగురిస్తాయి. అప్పుడు తొక్క తేలిగ్గా వస్తుంది, లోపల తెల్లటి చువ్వ. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అయినా, ఆ సంవత్సరం కాలువ పొడుగునా నిలబడ్డ ఆ కట్టల్ని చూస్తే ఎందుకో ఒళ్ళు గగుర్పొడిచేది. వాటిని కోసేసిన సంగతి వాటికింకా తెలియదు.

కోత ముగియవచ్చింది. ఆఖరి సాధనకి పైఅధికారులు వస్తారని కబురు. ముందురోజు సాయంత్రం లిసాండ్రో మా రేవులో కూర్చుని మతే తాగాడు. మా దగ్గర ఆ కషాయం గిన్నె తిరిగి ఇస్తూ ‘కృతజ్ఞతలు’ అన్నామంటే ఇక చాలని అర్థం. అననంతసేపూ పోస్తూనే ఉంటారు. అతను ఎంతకీ అనడే! మా ఆవిడ పోస్తూనే ఉంది.

“దోన్ ఫెర్మిన్, చలికాలమంతా చచ్చారు. రేపొక్కరోజు బతికి చూపించండి.”

“బతికితే ఏమిస్తారు?”

“ఏం కావాలి?”

కాలువ మొగ పూడిపోతోంది. నీళ్ళు తగ్గినప్పుడు పడవ బురద మీద ఈడవాల్సొస్తోంది. “మీ దళం డ్రెడ్జరు ఒక్కరోజు ఇటు పంపండి. మొగ తవ్వించండి” అన్నాను.

“మీరు గెలిస్తే మా అధికారిని నేనే ఒప్పిస్తా.” చెయ్యి చాపాడు. మా ఆవిడ చూస్తుండగానే కలిపాం.

అతను వెళ్ళాక నా ఎత్తు చెప్పాను. వాళ్ళు రెయిలింగు దాటగానే తుపాకి బల్ల కిందికి తోసేసి, టోపీ పెట్టుకుని, వచ్చి ఆవిడ పక్కన కూర్చుంటాను. రోజూ నన్ను చంపేవాళ్ళకి నా మొహం తెలుసు గానీ, ఆఖరి రోజున వేరే ఊరి నుంచి కొత్త జట్టు వస్తోంది. ఆవిణ్ణి అడుగుతారు, పక్కనున్న ఈయన తెలుసా అని. ఆవిడ ‘నా మొగుడండీ’ అంటే సరి. నన్ను బందీగా లెక్కేసి కట్లు విప్పుతారు. అప్పుడు నా జేబులోంచి రెండో తుపాకి.

“ఏం పెద్ద అబద్ధం చెప్పమనడం లేదుగా” అన్నాను. “నిజమే చెప్పు. నిజంతోనే గెలుస్తాం.”

“చూద్దాం” అంది.

“చూద్దామేంటి? ఏదీ, ఒకసారి అను.”

“రేపు అడుగుతారుగా, అప్పుడంటా.”

పొద్దున మతే పోసిచ్చాను. ఒక్కసారి పీల్చి గిన్నె తిరిగిచ్చింది. “కృతజ్ఞతలు” అంది. ఎప్పుడూ నాలుగైదు గిన్నెలు తాగే మనిషి. తొందరేమో అనుకున్నాను. కాలువలో ఆఖరి చువ్వకట్ట ముందురోజే కట్టి నిలబెట్టింది. కొడవలి తుడిచి, నూనె రాసి, మేకుకి తగిలించింది. చేతిలో గుడ్డసంచి ఉంది.

“ఆ సంచేంటి?”

“ప్రయాణికురాల్నిగా. ప్రయాణికురాలి చేతిలో సంచి ఉండదా?”

భలే తెలివి అనుకున్నాను. నిజంగానే, ఎంత బాగా ఆలోచించింది అనుకున్నాను.

ఆ తెల్లవారుజామున పొగమంచు పాలు విరిగినట్టు అక్కడక్కడా తెగి ఉంది. ఆ సందుల్లోంచి అధికారుల లాంచీ కనిపించేది, మాయమయ్యేది. నేను తెట్టెల్నే చూస్తున్నాను. ఈసారి తెట్టె ఆగలేదు. వాళ్ళు అవతలి వైపు నుంచి, మా వెనక నుంచి వచ్చారు. నికాసియో “అమ్మో!” అని గుండె పట్టుకుని, అధికారులకి బాగా కనబడేట్టుగా నిదానంగా చచ్చాడు. ఆ సందులో నేను తుపాకి తోసేసి, టోపీ లాక్కుని, మా ఆవిడ పక్కన కూలబడ్డాను. ఆవిడ భుజం నా భుజానికి తగిలింది. వెచ్చగా ఉంది. పెళ్ళయిన కొత్తలో ఇదే లాంచీలో, ఇలాగే పక్కపక్కన కూర్చుని సంతకి పోయేవాళ్ళమని అప్పుడు గుర్తొచ్చింది.

అందరి చేతులూ కట్టారు. ఆవిడ ముందు ఒకడు మోకాలి మీద కూర్చున్నాడు. కళ్ళు తప్ప ఏమీ కనబడడం లేదు. చాలా చిన్నవాడి కళ్ళు.

“మీ పూర్తి పేరు చెప్పండమ్మా.”

“దెల్మీరా ఇనెస్ కోవాచ్.” ఈసారి తడబాటు లేదు.

“పక్కనున్న ఈయన మీకు తెలుసా?”

ఆవిడ నావైపు తిరిగింది. తొందరపడలేదు. ముందు టోపీ చూసింది, తర్వాత కట్టేసిన చేతులు, తర్వాత మొహం. అంతసేపు నన్నెప్పుడూ చూసినట్టు గుర్తులేదు. నేను కన్ను గీటాను.

“తెలియదండీ” అంది.

“ఇదిగో! ఏంటే…” అన్నానో లేదో వీపు మీద మోకాలు పడింది. చెంప లాంచీ నేలకి ఆనింది. కింద చెక్క అడుగున నది పారుతున్న చప్పుడు వినబడింది, ఎవరో పక్కగదిలో మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు. జేబులోంచి రెండో తుపాకి తీశారు. అధికారుల లాంచీ మీద చప్పట్లు మోగాయి.

“దెల్మీరా ఇనెస్ కోవాచ్ గారూ, మీకు విడుదల. జాగ్రత్త, ఇక్కడ జారుతుంది.”

“తెలుసు బాబూ” అంది ఆవిడ.

కట్లు విప్పాక నికాసియో నా వీపు చరిచాడు. “వదిన భలే ఆడిందన్నా! నీ ఎత్తు నీకే తిప్పికొట్టింది. ఇక డ్రెడ్జరు ఎగిరిపోయినట్టే.” పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు. ఇంటికి రానీ, డ్రెడ్జరు సంగతి అడుగుతా, కడిగేస్తా అనుకున్నాను.

లిసాండ్రో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“దోన్ ఫెర్మిన్, మీ ఎత్తు మంచిదే. ఆవిడ ఒక్క మాట అని ఉంటే మావాళ్ళు ఓడిపోయేవాళ్ళు.”

“అది నా పెళ్ళామని నీకు తెలుసుగా! నువ్వు చెప్పొచ్చుగా!”

“నాకు తెలుసు. కానీ నా మాటకి విలువ లేదక్కడ. బందీ మాటే మాకు ఆధారం, అది మా రూలు.” బూటు మొనతో లాంచీ నేల మీది ఎర్రరంగు రుద్దాడు. “ఆవిడ సాన్ బ్లాస్‌లో, వాళ్ళక్క ఊళ్ళో దింపమన్నారు. మేం పోయే దారే. దింపుతున్నాం.”

“ఎవర్నడిగి?”

“ఆవిణ్ణే.”

రెయిలింగు దగ్గరికి పరిగెత్తాను. దళం లాంచీ అప్పటికే తిరిగింది. వెనక బల్ల మీద, బూడిదరంగు దుప్పటి కప్పుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. రెండు చేతులతో కాఫీ కప్పు పట్టుకుంది. నావైపు చూడలేదు. కోపంగా తిరిగి కూర్చోలేదు కూడా, ఎగువకి చూస్తోందంతే. పొగమంచు ముందు లాంచీని తీసుకుంది, తర్వాత దుప్పటిని. ఇంజను చప్పుడు మాత్రం చాలాసేపు ఉంది. పిలుద్దామని నోరు తెరిచాను. ‘ఇదిగో’ అంటే అంత దూరం వినబడదు.

అక్క దగ్గరేగా, కోపం దిగాక వస్తుందనుకున్నాను. వసంతం వచ్చింది. కాలువ పొడుగునా చువ్వకట్టలన్నీ ఒక్కసారి చిగురించాయి, లేత ఆకుపచ్చ మంట అంటుకున్నట్టు. తొక్క తీయడానికి ఇద్దరు కావాలి, ఒకరు లాగితే ఒకరు పట్టుకోవాలి. ఒక్కణ్ణే తీశాను. సగం ఎండిపోయాయి. సాన్ బ్లాస్ వెళ్ళొచ్చిన నికాసియో, వదిన అక్కడ బుట్టలల్లే కొట్లో పనిచేస్తోందని, చిక్కలేదని, బాగుందని చెప్పాడు. “నా కుక్క ఎలా ఉందని అడిగిందన్నా” అన్నాడు. నన్ను అడిగిందో లేదో చెప్పలేదు, నేనూ అడగలేదు.

లిసాండ్రోని దక్షిణాదికి మార్చారట. వెళ్ళేముందు మా రేవు మీదుగానే పోయాడు. చెయ్యి ఊపాడు. డ్రెడ్జరు రాలేదు.

మరుసటి చలికాలానికి నదివైపు నేలని పట్నంవాళ్ళెవరో కొన్నారు. వారానికోసారి వచ్చి మాంసం కాల్చుకుని పాటలు పెట్టుకునే రకం. చువ్వ దుబ్బులు పెరికి గడ్డి వేశారు, రేవుకి నీలంరంగు కొట్టారు, కాలువ మొగకి తీగ కట్టారు. నా కట్టలు ఇప్పుడు నికాసియో పెరట్లోంచి భుజాన మోసుకుపోతున్నాను. తెల్లారగానే పొగమంచు లేస్తుంది. అలవాటు కొద్దీ లేచి గట్టున నిలబడతాను. గుర్రపుడెక్క తెట్టెలు వస్తూనే ఉంటాయి, కొంగలు వాటి మీద ప్రయాణం చేస్తూనే ఉంటాయి. ఒక్క తెట్టె కూడా ఆగదు.

పోయింది ఇదీ: నది ముఖం తొంభై మీటర్లు, లోపలికి నాలుగు వందల మీటర్లు, మొత్తం మూడు పాయింట్ ఆరు హెక్టార్ల చువ్వనేల. రేవూ, కాలువా అందులోవే. దెల్మీరా ఇనెస్ కోవాచ్ పేరున ఉన్నది.